నూటికి అరవై పాళ్లు

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవన్నారు పెద్దలు. అని ఊరుకున్నారా? ఉగాదినాడు గుడిలో చేరి, ఈ ఏడు ఎన్ని తూముల వాన, మేఘాధిపతి ఎవరు అని పంచాంగం చదివించుకుని మరీ విన్నారు. తెలియదని తెలిసీ అడక్కుండా ఉండలేకపోవడం మనిషి స్వభావం. మా అనంతపురం వాళ్లకు అది మరికాస్త ఎక్కువ.

ఉండదు మరీ! నైరుతి మబ్బులు పడమటి కనుమలెక్కేటప్పుడే బరువంతా దించేసుకుని, మా దాకా వచ్చేసరికి వట్టిచేతులతో వస్తాయి. ఈశాన్యం వానలకేమో మేము సముద్రానికి దూరమైపోయాం. ఏడాది మొత్తానికి మాకు దక్కేది సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ ఊరికి ఈ పక్కన కురిసి, ఆ పక్కన ఎగ్గొడుతుంది.

మాకు పాలు పోసే ఆమెకు పక్క పల్లెలో నాలుగెకరాల ఎర్రనేల ఉంది. జూన్ వచ్చిందంటే పాలు పోసి వెంటనే కదలదు. గడప దగ్గరే నిలబడి, "అమ్మా, ఫోన్లో సూడుమా, వానొస్తాదంటనా?" అని అడుగుతుంది.

కిందటేడు జూలైలోనూ అలాగే అడిగింది. అంతకు రెండు రోజుల ముందు ఓ జల్లు పడి నేల పైపైన తడిసింది. పూర్తి పదును కాలేదు. ఇంకొక్క వాన పడితే శెనక్కాయ విత్తుకోవచ్చు. ఫోన్లో చూశాను. మరునాడు వాన పడే అవకాశం 60 శాతం అని ఉంది. ఆమె మొహంలోకి చూశాను. "వస్తుందిలే, వేసెయ్యి" అన్నాను.

రాలేదు. పక్క ఊళ్లో పడిందట. అర పదునులో వేసిన విత్తనం కొంత మొలిచి మాడింది, కొంత మొలవనే లేదు. పదిహేను రోజుల తర్వాత పాలు కొలుస్తూ తనే చెప్పింది. కమ్మలు కుదువబెట్టి తెచ్చిన విత్తనాలట. "నువ్వేం జేస్తావులేమా, దేవుడే ఎగ్గొట్టినాడు" అంది. తిట్టినా బాగుండేది.

"నీ తప్పేముంది? ఫోన్లో ఉన్నదే చెప్పావుగా" అన్నారు మావారు. ఆ మాటే నాకు ముల్లయింది. ఫోన్లో ఉన్నది నేనెక్కడ చెప్పాను? నూటికి అరవై పాళ్లను నూటికి నూరు పాళ్లు చేసి చెప్పాను.

అసలా అరవై ఎలా వస్తుందని చదివి తెలుసుకున్నాను. శాస్త్రజ్ఞుల కంప్యూటర్లు ఇవాళ్టి గాలి, తేమ, వేడిమి, పీడనం అన్నీ తీసుకుని రేపటి ఆకాశాన్ని లెక్కగడతాయి. ఒక్కసారి కట్టి ఊరుకోవు. మొదటి అంకెల్ని కాస్త కాస్త మార్చి అదే లెక్క మళ్లీ మళ్లీ చేస్తాయి. పదింట ఆరుసార్లు వాన కనబడితే, 60 శాతం అన్నమాట.

ఇంత అవస్థ ఎందుకంటే దానికో కథ ఉంది. 1961లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రజ్ఞుడు పాత లెక్కనొకదాన్ని కంప్యూటరు చేత మళ్లీ చేయించాడు. 0.506127 అని ఇవ్వాల్సిన చోట, చివరి అంకెలదేముందిలే అని 0.506 ఇచ్చి కాఫీకి వెళ్లాడు. తిరిగొచ్చి చూస్తే, మొదటి లెక్కకూ దీనికీ ఏ పోలికా లేని వాతావరణం తయారై కూచుంది! వెయ్యోవంతుకు లోపు ముక్క వదిలేస్తేనే ఆకాశం అంత మారిపోయింది. నేను ఏకంగా నలభై పాళ్లు వదిలేశాను.

మన దేశంలోనూ ఈ విద్యకు చాలా ఏళ్లున్నాయి. 1875లో వాతావరణ శాఖ ఏర్పడింది. దాని మొదటి అధికారి బ్లాన్‌ఫర్డ్ దొర 1886లో హిమాలయాల మీద మంచు ఎంత పడిందో చూసి రాబోయే వానల సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. మంచు ఎక్కువైతే వాన తక్కువని ఆయన లెక్క. ఎక్కడి హిమాలయాల మంచు, ఎక్కడి మా శెనక్కాయ చేను! 2025లో ఆకాశాన్ని 6 కిలోమీటర్ల గళ్లుగా విడదీసి లెక్కగట్టే పద్ధతి కూడా మన దగ్గర మొదలైంది. మా వాన ఆ గడిలోనూ ఓ మూల మాత్రం కురిసిపోగలదు. 2002లో దేశం మొత్తానికి మామూలులో 101 శాతం వాన అని చెప్పారు, 81 శాతమే కురిసింది. అనుభవం మీద వాళ్లిప్పుడు తమ సందేహాన్ని కూడా కొలిచి మన చేతిలో పెడుతున్నారు. దాన్ని చెరిపేసేది మధ్యలో ఉన్న నాలాంటి వాళ్లం.

ఎందుకు చెరిపానని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. ఆమె మొహం విప్పారితే చూడాలనిపించింది. అది నిజమే. ఇంకో నిజం కూడా ఉంది. వానొచ్చినా రాకపోయినా మా ఇంట్లో కాఫీ ఆగదు. పోయేదేమీ లేని వాళ్లకు ధైర్యం చెప్పడం చాలా సులువు. "అబ్బాయి బంగారం, కళ్లు మూసుకుని చేసెయ్యండి" అని పెళ్లి సంబంధాలు చెబుతామే, అదీ ఈ బాపతే. కాపురం చేసేది మనం కాదు గదా!

"అలాగని అనుమానాలన్నీ చెబితే మీ జిల్లాలో ఒక్కడైనా గొర్రు కడతాడా?" అంది మా ఆడపడుచు. కడతాడు. అనుమానంతోనే ఇక్కడ తరతరాలుగా విత్తుతున్నారు. ఆ నలభై పాళ్ల సంగతి తెలిసి ఉంటే ఆమె విత్తడం మానేది కాదు. సగం విత్తనం ఇంట్లో ఉంచుకునేది. ఆ నలభై ఆమెకు రావలసిన సొత్తు. ధైర్యం చెబుతున్నాననుకుంటూ నేను కాజేశాను.

ఈ ఏడు మళ్లీ అడిగింది. మళ్లీ అరవయ్యే ఉంది. "ఇలా మబ్బు పట్టినప్పుడు పదిసార్లలో ఆరుసార్లు వస్తుందట, నాలుగుసార్లు రాదట" అన్నాను.

కాసేపు వేళ్ల మీద లెక్కేసుకుంది. "అట్లయితే రెండెకరాలు ఏస్తామా. రెండు ఆపుకుంటా" అని క్యాను ఎత్తుకుంది. మెట్లు దిగబోతూ ఆగింది. "పోయినేడు గూడా ఆరేనా మా?"

"ఆరే" అన్నాను.

ఏమీ అనలేదు. పడమటి వైపు మబ్బు చూసుకుంటూ వెళ్లిపోయింది. మరునాడు పాలు మామూలు వేళకే వచ్చాయి. ఆమె మొహం చూస్తూ గిన్నె పట్టడమే నాకు కష్టమైంది.