ఎముకలు పట్టా ఇస్తాయా?

గద్వాల బస్టాండులో చాయ్ తాగుతుంటే పక్కన కూర్చున్నాయన అడుగుతాడు: ‘మీదేడ సాయిబూ?’ వనపర్తి అంటాం. ‘అది కాదు. అసలు మీరు యాడికెల్లి వచ్చిండ్రు?’

ఈ రెండో ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. మా దాదా గోరీ నాగర్‌కర్నూలు వైపు ఒక ఊళ్లో ఉంది. దాదా వాళ్ల నాయన గోరీ కూడా అక్కడే. అంతకు ముందు సంగతి మా ఇంట్లో ఎవరికీ ఎరుక లేదు. అడిగినాయనకు కూడా నాలుగు తరాల పైన తన వంశం తెలియదు. కానీ ఆయన్ను ఎవరూ అడగరు. మమ్మల్నే అడుగుతారు. 2019లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చాక ఈ ప్రశ్న బస్టాండులోనే ఆగలేదు. ఇంట్లోకి వచ్చింది. మా అమ్మీలు, ఫుప్పమ్మలు ఇనుప పెట్టెలు తెరిచి పాత రేషన్ కార్డులు, భూమి కాగితాలు వెతికారు.

అట్లాంటి రోజుల్లో మాలో చదువుకున్నవాళ్లకు ఒక కొత్త జవాబు దొరికింది. డీఎన్‌ఏ. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధనలే ఉన్నాయి. భారతదేశంలో దాదాపు అన్ని సమూహాలూ రెండు ప్రాచీన జనాల కలయికతో ఏర్పడ్డాయని 2009లో చెప్పారు. ముస్లింల మీద విడిగా చేసిన అధ్యయనం, వీళ్లలో ఎక్కువమంది ఈ నేల జనమే, పశ్చిమాసియా పాలు చాలా కొద్ది అని తేల్చింది. ‘చూశారా, మేం బయటివాళ్లం కాదు’ అని మేమూ చాలామందితో వాదించాం. గెలిచామనుకున్నాం.

ఇప్పుడు అనిపిస్తోంది, ఆ గెలుపులో ఏదో తప్పు ఉందని.

ఎముకల్ని అడిగితే ఏం చెప్తాయో యూరప్‌ను చూసి తెలుసుకోవచ్చు. తెల్లజాతి, ఆర్యజాతి అని గొడవ చేసి లక్షల మందిని చంపిన ఖండం అది. ఇంగ్లండులో 1903లో దొరికిన పదివేల ఏళ్ల నాటి అస్థిపంజరం ‘చెడ్డార్ మనిషి’. 2018లో అతని డీఎన్‌ఏ చదివితే అతని ఒళ్లు నల్లగానో ముదురు రంగులోనో ఉండి ఉంటుందని తేలింది. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన ఓట్జీ 5,300 ఏళ్ల కిందటి మనిషి. అతని వంశంలో నూటికి తొంభై పాళ్లు ఈనాటి టర్కీ నేల నుంచి వచ్చిన రైతులదని 2023లో చెప్పారు. స్టోన్‌హెంజ్ రాళ్లు నిలబెట్టినవాళ్లు కూడా ఎక్కువ భాగం ఆ రైతుల సంతతే. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్లలో, బయటి నుంచి వచ్చిన మరో జనం బ్రిటన్ జన్యువుల్లో నూటికి తొంభై పాళ్లు ఆక్రమించారు. అంటే ఈనాటి ఇంగ్లీషువాడు తనదని గర్వపడే ఆ రాళ్లు నిలబెట్టింది అతని పూర్వీకుల్లో కొద్దిమందే. అయినా స్టోన్‌హెంజ్ అతనిది కాదని ఎవరూ అనరు. మరి మమ్మల్ని మాత్రం రక్తం లెక్క అడగడం ఏం న్యాయం?

మన దేశంలోనూ కథ అదే. హర్యానాలోని రాఖీగఢీలో అరవైకి పైగా నమూనాలు తీసి చూస్తే, ఒక్క స్త్రీ ఎముకలో మాత్రమే చదవదగిన డీఎన్‌ఏ దొరికింది. మన ఎండకు ఎముకల్లో అది నిలవడం కష్టం. నాలుగున్నర వేల ఏళ్ల కిందటి ఆ స్త్రీలో మధ్య ఆసియా గడ్డిమైదానాల పశుపాలకుల జాడ లేదు. వాళ్లు ఆ తర్వాత, ఇప్పటికి నాలుగు వేల నుంచి మూడున్నర వేల ఏళ్ల కింద వచ్చారని 2019 నాటి పరిశోధన. బయటివాళ్లెవరో లెక్కతీయడం మొదలుపెడితే, మమ్మల్ని అడిగేవాళ్ల ఇంటి ముందు కూడా ఆ లెక్క ఆగుతుంది.

అయితే వేలు వాళ్ల వైపే చూపించి ఊరుకోలేం. మా ఇంట్లో కూడా ఎముకల లెక్క ఉంది. పెండ్లి సంబంధం మాట్లాడేటప్పుడు మా పెద్దలు ముందు ‘హడ్డీ’ చూస్తారు. సయ్యద్‌ల షజ్రా అరబ్‌ దేశం దాకా పోతుంది. పఠాన్‌ది కాబూల్ దాకా. దూదేకులవాళ్లకు, ఖసాబులకు షజ్రా లేదు కాబట్టి పిల్లనివ్వం. మసీదులో ఒకే సఫ్‌లో భుజం భుజం ఆనించి నిలబడతాం. దస్తర్‌ఖాన్ దగ్గరికి వచ్చేసరికి హడ్డీ గుర్తొస్తుంది. ప్రయోగశాల ఈ షజ్రాలను చాలావరకు చింపేసింది. బస్టాండులో ‘మేం ఇక్కడి వాళ్లమే’ అని వాదించి, ఇంటికొచ్చి ‘మేం అరబ్బుల వంశం’ అని చెప్పుకోవడం మా రెండు నాల్కల ధోరణి.

కులం గోడలు కూడా ఎప్పటినుంచో ఉన్నవి కావు. 2013లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఇక్కడి జనం బాగా కలిశారు. తర్వాత ఎవరి గడప వాళ్లు మూసుకున్నారు. గద్వాలకు దగ్గర్లోనే, నారాయణపేట జిల్లా ముడుమాలలో, కృష్ణ ఒడ్డున పది నుంచి పద్నాలుగు అడుగుల నిలువు రాళ్లు ఎనభై దాకా ఉన్నాయి. మూడు వేల ఏళ్లు దాటినవి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. వాటిని నిలబెట్టిన రోజుల్లో జనం ఇంకా కలుస్తూనే ఉన్నారన్నమాట. వాళ్లు ఎవరి తాతలో చెప్పే కాగితం లేదు. ఊరివాళ్లు మాత్రం నిలువురాళ్ల తిమ్మప్ప అని మొక్కుతారు. ఒక రాయిని ఎల్లమ్మ అంటారు. వంశం తెలియకుండానే తమవి చేసుకున్నారు.

ఇక మా గెలుపులో తప్పు ఎక్కడుందో చెప్తాం. వనపర్తి సంస్థానంలో ఒకప్పుడు ఆఫ్రికా సిపాయిల దళం ఉండేది. పందొమ్మిదో శతాబ్దంలో రాజా ఆ దళాన్ని నిజాముకు అప్పగించాడు. వాళ్లున్న చోటే నేటి హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. వాళ్ల సంతతి సిద్దీలు మాట్లాడేది మా దక్కనీయే. వాళ్ల మర్ఫా మోగకపోతే హైదరాబాద్‌లో బారాత్ కదలదు. కర్ణాటక, గుజరాత్ సిద్దీల డీఎన్‌ఏను సీసీఎంబీ శాస్త్రవేత్తలు పరీక్షించి 2011లో చెప్పారు: ఎక్కువ పాలు ఆఫ్రికాదే. డీఎన్‌ఏ మాకు పట్టా అయితే, సిద్దీ భాయికి అదే బేదఖలు నోటీసు కాదా? మేం నెగ్గిన వాదనతోనే అతన్ని ఓడగొట్టినట్టు కాదా?

ఎముకలు అబద్ధం చెప్పవు. కానీ పట్టాలిచ్చే పని వాటిది కాదు. ఎవరు ఎటునుంచి నడిచొచ్చారో చెప్తాయి, ఎవరు ఉండాలో చెప్పవు. ఆ సంగతి బతికున్నవాళ్లు తేల్చుకోవాలి.

1981లో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు ఎక్కినప్పుడు పాలమూరు, కర్నూలు జిల్లాల్లో నూరుకు పైగా ఊళ్లు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని రాయి రాయి విప్పి అలంపురానికి తెచ్చి కట్టారు. మంచి పనే. ఊళ్ల శ్మశానాలు, ఖబరస్తాన్లు నీళ్ల కిందే ఉండిపోయాయి. తాతల ఎముకలే హక్కుకు ఆధారమైతే ఆ ఊళ్లవాళ్లెవరికీ, హిందువుకైనా ముస్లింకైనా, చూపించడానికి ఏమీ లేదు. అయినా వాళ్లు ఈ నేలవాళ్లే. ఇక్కడ దున్నారు, ఇక్కడి కరువులో పాలమూరు లేబరై దేశమంతా తట్టలు మోశారు, పీర్ల పండగకు కలిసి అలావ చుట్టూ ఆడారు.

అందుకే, ఈసారి బస్టాండులో ఆయన ‘అసలు యాడికెల్లి వచ్చిండ్రు?’ అంటే డీఎన్‌ఏ కాగితం తీయం. కోపం కూడా చేయం. ‘వనపర్తి’ అనే మళ్లీ చెప్తాం. సిద్దీ భాయి పక్కనుంటే అతని ఊరూ అదే అని చెప్తాం.