రైల్లో దిద్దే పుస్తకం

1902లో శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు నేరుగా కోలారు బంగారు గనులకే వచ్చింది. బెంగళూరు వీధి దీపాలకు 1905 దాకా ఆ భాగ్యం లేదు. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఇప్పుడు ఆ గనుల ఊరైన కేజీఎఫ్ జనం ఎందరో చీకటితోనే బెంగళూరు రైలెక్కుతారు. గ్రంథాలయం తెరిచే వేళకు వాళ్లు ఊళ్లో ఉండరు. చేతిలో ఫోను మాత్రం ఉంటుంది.

ఆ ఫోనులోనే తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది. పాత పుస్తకం పేజీ బొమ్మ, పక్కనే టైపయిన అక్షరాలు. ఒకరు తప్పులు దిద్దితే పేజీకి పసుపు రంగు వస్తుంది. మరొకరు సరిచూస్తేనే ఆకుపచ్చ రంగు. జీతం లేదు, సిఫారసు అక్కర్లేదు. 1914లో బెజవాడ గ్రంథాలయ మహాసభకు నడుం కట్టిన అయ్యంకి వెంకటరమణయ్యగారు చూస్తే మురిసిపోయేవారు. వాట్సాప్‌లో పీడీఎఫ్‌లు కుప్పపోయడాన్ని మాత్రం నేను గ్రంథాలయమనను. అక్కడ చదివేవాడికంటే పంపేవాడే ఎక్కువ!

ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం చదివినవాళ్లు కోలారు జిల్లాలో చాలామంది. వికీసోర్స్ కన్నడంలోనూ ఉంది. రైల్లో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు ఏ లిపి బాగా వస్తే అందులోనే ఇవాళ ఒక్క పేజీ దిద్దండి.