అన్నియు ఏరుదుమా, ముందుకు సాగుదుమా?

ధ్యాన భాగములు: సంఖ్యాకాండము 9:15–23, మార్కు 1:35–39, తీతు 1:5



మన పిల్లలు సెల్‌ఫోనులో ఆడుకొను ఆటలలో పోకెమాన్ అనునది యొకటి. ఇది 1996వ సంవత్సరమున జపాను దేశములో పుట్టినది. దీనిని కల్పించిన సతోషి తాజిరి అను ఆయనకు చిన్ననాట పురుగులను పట్టి పోగుచేయు సరదా యుండెను. ఆ సరదాయే ఆటయైనది. ఆడువాడు ఊరూరు తిరిగి, గడ్డిలోను గుహలలోను నీటిలోను దాగియున్న వింత ప్రాణులను పట్టవలెను. మొదటి ఆటలో అట్టివి 151 రకములు. దారి పొడుగున ఎనిమిదిమంది నాయకులుందురు. వారిని ఒక్కొక్కరినే గెలిచి ముందుకు పోవలెను. 2016 డిసెంబరులో మన దేశమునకు వచ్చిన మరియొక ఆటలోనైతే పిల్లలు ఫోను చేతబట్టి నిజమైన వీధులలోనే తిరుగుచు వాటిని పట్టుదురు.

ఈ ఆటయాడువారిలో రెండు తెగలు కలవు. ఒక తెగవారు, “ఈ చోట దొరకునవన్నియు పట్టినగాని అడుగు ముందుకు వేయము” అందురు. అట్టివారు మొదటి నాయకుని యెదుటికి పోకముందే అనేక గంటలు అదే గడ్డిలో తిరుగుచుందురు. రెండవ తెగవారు, “దొరికినది చాలును, పోదము పదండి” అని సాగిపోవుదురు.

ఆట మంచిదా చెడ్డదా అని నేడు తర్కింపబోము. పిల్లలు చదువు మాని దానిలో మునిగిపోకుండ పెద్దలు చూచుకొందురు గాక. అయితే ఆ రెండు తెగలు మన సంఘములలోను ఉన్నవి. “మొదట మన ఊరి సంఘమును చక్కబెట్టుకొందము, తరువాత పొరుగు పల్లె సంగతి చూతము” అని కొందరు పెద్దలు చెప్పుదురు. “సువార్త వినని పల్లెలు ఇన్ని యుండగా ఇక్కడనే కూర్చుందుమా?” అని యౌవనులు అడుగుదురు. ఇద్దరి మాటలోను భక్తి యున్నది. వాక్యమేమి చెప్పుచున్నదో చూతము.

1. ఒక్కరినైనను పోగొట్టుకొనకుడి

ఐదువేలమంది తృప్తిగా తినిన తరువాత ప్రభువు, మిగిలిన ముక్కలేవియు వ్యర్థము కాకుండ పోగుచేయుడని శిష్యులకు సెలవిచ్చెను (యోహాను 6:12). గంపలు పండ్రెండు నిండెను. రొట్టెలను విస్తరింపజేయగల ప్రభువునకు ముక్కలతో నేమి పని? పని యున్నది. ఆయన చేతిలోనుండి వచ్చినదేదియు ఆయన దృష్టికి తృణప్రాయము కాదు. రొట్టెముక్క విషయమే అట్లుండగా, ఆయన రక్తమిచ్చి కొనిన మనుష్యుని విషయము చెప్పనేల?

మన సంఘపు పుస్తకములో పేర్లున్నవారందరు ఆదివారమున మన నడుమ కనబడుచున్నారా? కొడుకులు బెంగుళూరుకు పనులకు పోగా ఒంటరిగా ఇంట మిగిలిన విధవరాలున్నది. వానలు తప్పి, అప్పులవారి యెదుట తలయెత్తలేక ఆరాధనకు రాని రైతున్నాడు. బాప్తిస్మము పొందిన దినమున అందరు చేయి కలిపి, ఆ తరువాత ఒక్కరును గడప తొక్కని ఇల్లున్నది. మన ప్రాంతపు గొర్రెల కాపరి సాయంకాలమున మందను దొడ్డిలోనికి తోలునప్పుడు లెక్క చూచుకొనును. ఒకటి తక్కువైన యెడల “తొంబదితొమ్మిది చాలులే” అని పండుకొనడు. కాపరులారా, ఆ యుపమానమును మీకు వివరింప పనిలేదు (లూకా 15:4).

మొదటి ఆటలో ఒక ఓడ యున్నది. అక్కడి పని ముగించి దిగి వచ్చినంతట అది రేవు విడిచి పోవును. మరల ఎక్కుటకు వీలులేదు. మంచమున పడియున్న మన అవ్వ కూడ అట్టి ఓడయే. పొరుగు పల్లెలో కూటము వచ్చే నెలనైనను పెట్టుకొనవచ్చును. అవ్వ వచ్చే నెలకు ఉండునో లేదో!

2. మిగిలినదానిని సాకుగా చేసికొనకుడి

అయితే రెండవ ప్రక్కయు కలదు. కపెర్నహూములో ప్రభువు ఒక సాయంకాలమెల్ల రోగులను స్వస్థపరచెను. మరునాడు తెల్లవారకమునుపే అరణ్యప్రదేశమునకు పోయి ప్రార్థన చేయుచుండెను. శిష్యులు వెదకుకొని వచ్చి, అందరును నిన్ను వెదకుచున్నారని చెప్పిరి. ఆ ఊరిలో పని ముగియలేదన్నమాట. అయినను ఆయన సమీప గ్రామములకు పోవుదము రండనెను. అందుకొరకే తాను వచ్చితిననెను (మార్కు 1:35–38). వెదకువారుండగానే ప్రభువు లేచి వెళ్లెను. ప్రార్థనలో తండ్రి చిత్తము తెలిసికొని వెళ్లెను.

వేరుసెనగ పండించువారికి ఈ సంగతి బాగుగా తెలియును. పదును చూచి చెట్లు పెరుకవలెను. మొదటి చేనిలో నేలలో తెగి మిగిలిన ప్రతి కాయను త్రవ్వి ఏరనిది కదలనని రైతు కూర్చున్న యెడల, ఈలోపున రెండవ చేనిలో నేల గట్టిపడును. అప్పుడు చెట్టు పెరికిన ఆకు చేతికి వచ్చును, కాయలు భూమిలో నిలిచిపోవును. ఒక చేనిలో పిడికెడు కాయల కొరకు మరియొక చేని పంటనే పోగొట్టుకొనినవాడగును. కోత కోయువారు పొలము ఓరలవరకు కోయరాదనియు, పరిగెను బీదలకు విడువవలెననియు దేవుడు ధర్మశాస్త్రములోనే నియమించెను (లేవీ. 19:9–10). మిగిలిన గింజలన్నియు నా సంచిలోనికే రావలెనను ఆశ ఆయనకు ఇష్టము కాదు.

ఇది సంఘమునకే గాక మన సొంత బ్రదుకునకును వర్తించును. “కూతురి పెండ్లి కానిమ్ము, బోరులో నీళ్లు పడనిమ్ము, బ్యాంకి అప్పు తీరనిమ్ము, అటుపిమ్మట దేవుని పని చూతును” అనువారెందరో! పెండ్లి తరువాత పురుడు, పురుడు తరువాత ఇల్లు కట్టుట. ఈ గడ్డిలో ప్రాణులు ఎన్నటికిని తరుగవు. నాగటిమీద చేయి వేసి వెనుక తట్టు చూచువానిని గూర్చి ప్రభువు చెప్పినది లూకా 9:62లో ఇంటికి పోయి చదువుకొనుడి.

ఇంకొక మాట. ఆ ఆటలో మొదటి చోటనున్న నీటి ప్రాణులను మొదట పట్టుటకు వీలుకాదు. పట్టు గాలము ముందున్న ఊళ్లలో దొరకును. కనుక అన్నియు పట్టనిది కదలనని భీష్మించువాడు ఆ కొలనులోని వాటిని ఎన్నడును పట్టలేడు. ముందుకు పోయి తిరిగి వచ్చినవాడే పట్టగలడు. లుస్త్రలో పౌలును రాళ్లతో కొట్టి చచ్చెననుకొని బయటికి ఈడ్చిరి. ఆయన దెర్బేకు సాగిపోయి అక్కడ సువార్త ప్రకటించి, తిరిగి ఆ లుస్త్రకే వచ్చి శిష్యులను స్థిరపరచి పెద్దలను ఏర్పరచెను (అపొ. కా. 14:19–23). ముందుకు పోవుట విడిచిపెట్టుట కాదు. తిరిగి వచ్చు మనస్సు లేకుండ పోవుటయే విడిచిపెట్టుట.

3. ఒంటరిగా ఎవరును ముగింపలేరు

1996లో ఆ ఆటను ఎరుపు, ఆకుపచ్చ అను రెండు విధములుగా అమ్మిరి. కొన్ని ప్రాణులు ఎరుపు ఆటలోనే దొరకును, కొన్ని ఆకుపచ్చ ఆటలోనే. ఎంత నేర్పరియైనను ఒంటరిగా కూర్చుండి అన్నియు పోగుచేయలేడు. రెండు ఆటలను తీగతో కలిపి, స్నేహితునికి తనదియిచ్చి అతనిది పుచ్చుకొనవలెను.

సంఘమందును ఇదే క్రమము. పౌలు ముందుకు సాగెను. క్రేతులో కొరతగానున్న వాటిని దిద్దుటకు తీతును అక్కడ ఉంచెను (తీతు 1:5). పోయినవాడు ఒకడు, ఉండినవాడు ఒకడు, పని ఒక్కటే. ఉండువాడు పోవువానిని “నిలకడ లేనివాడు” అనరాదు. పోవువాడు ఉండువానిని “సోమరి” అనరాదు.

మన తెలుగు సంఘముల చరిత్ర చూడుడి. అమెరికా బాప్తిస్టు మిషనరీయైన సామ్యూల్ డే 1836లో తెలుగువారి కొరకు వచ్చి, 1840లో నెల్లూరు చేరెను. ఏండ్లు గడచినను విశ్వాసులు కొద్దిమందియే. 1853లో ఈ పనిని మూసివేయుదమా యని అమెరికాలో చర్చ జరిగెను. మూసివేయలేదు. నెల్లూరును విడువకయే లైమన్ జ్యూయెట్ దొర ఉత్తరముగా ప్రయాణమై, 1854 జనవరి 1న తెల్లవారుజామున భార్యతోను కొద్దిమంది తెలుగు విశ్వాసులతోను ఒంగోలు కొండయెక్కి, ఆ ప్రాంతమునకు ఒక సేవకుని పంపుమని ప్రార్థించెను. పండ్రెండేండ్లు గడచిన పిమ్మట 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలు చేరెను. తరువాత 1876–78 నాటి ఘోరమైన కరవు వచ్చెను. క్లౌ దొర బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత పనిని ఒప్పుకొని ఆకలిగొన్నవారికి కూలి చూపించెను. ఆ కాలములో బాప్తిస్మమడిగినవారు అనేకులు. కూలికొరకు చేరిరన్న మాట రాకుండ, సహాయపు పని నడచినంత కాలము ఆయన ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. అది ముగిసిన తరువాత 1878 జూలై 3న ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

నెల్లూరులో నిలిచినవారు లేకున్న ఒంగోలు లేదు. కొండయెక్కినవారు లేకున్నను ఒంగోలు లేదు. మరియు లెక్క పెంచుకొను అవకాశము చేతిలోనుండగా ఆగిన ఆ ఓర్పును మరువకుడి. ఆటలోని ప్రాణులు ఆడువాని పుస్తకములో అంకెలగును. మనుష్యులు అట్లు కారు. ప్రభువు పేతురుతో మనుష్యులను పట్టుదువని చెప్పినప్పుడు (లూకా 5:10) గ్రీకు మూలములోని మాటకు ప్రాణముతో పట్టుట అని అర్థము. చేపను పట్టుట దాని చావుకు. మనుష్యుని పట్టుట వాని బ్రదుకునకు.

4. మేఘమును చూడుడి

ఎప్పుడు నిలువవలెను, ఎప్పుడు కదలవలెను? ఇశ్రాయేలీయులు గుడారముమీది మేఘమును చూచిరి. అది రెండు దినములుండినను, నెల యుండినను, ఏడాది యుండినను వారు నిలిచిరి, లేచినప్పుడు కదలిరి. పని పూర్తియైనదో లేదో అని లెక్కించుట వారి వంతు కాదు.

మన ఓబులదేవరచెరువు పేరులోనే చెరువున్నది గదా. చెరువు నిండనిది మరువ పారదు. అయితే నిండిన చెరువు “నీళ్లన్నియు నావే” అని మరువను మూసికొన్న యెడల కట్ట తెగును. తనకును దక్కదు, క్రింది ఆయకట్టుకును దక్కదు. చిత్రావతి నీరు బుక్కపట్నము చెరువును నింపి అక్కడనే నిలిచిపోయిన ధర్మవరము చెరువు గతి యేమి? సంఘము నిండవలెను, నిండి పారవలెను.

కాబట్టి ఈ నెలలో ప్రతి సంఘమును రెండు పనులు చేయవలెనని ప్రభువు పేరట వేడుకొనుచున్నాము. మొదటిది, పెద్దలు సంఘపు పుస్తకము తెరచి, ఆరు నెలలుగా ఆరాధనకు రానివారి పేర్లు వ్రాసికొని, ఇద్దరిద్దరు చొప్పున వారి యిండ్లకు పోవలెను. చందా అడుగుటకు కాక, ప్రార్థించుటకు పోవలెను. రెండవది, యౌవనులు పొరుగున ఒక్క పల్లెను ఏర్పరచుకొని, నెలకొకమారు తప్పక తిరిగి పోవలెను. పది పల్లెలకు ఒకమారు పోవుటకంటె ఒక పల్లెకు పదిమార్లు పోవుట మేలు. పెద్దలు యౌవనుల కొరకును, యౌవనులు పెద్దల కొరకును పేరు పేరున ప్రార్థింతురు గాక.

ప్రార్థన

మంచి కాపరివైన ప్రభువా, తప్పిపోయిన ఒక్క గొర్రెను వెదకు ఓపికను, నీవు లెమ్మన్నప్పుడు లేచు విధేయతను మాకు దయచేయుము. మేము ఏరలేక విడిచినదానిని నీవు విడువవని నమ్మి సాగిపోవునట్లు సహాయము చేయుము. మా చెరువులను నింపుము, మా సంఘములను నింపుము, నింపి పారజేయుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.