రెండంగుళాల తగువు

2014 ఆగస్టులో అమెరికాలోని నెవార్క్ నుంచి డెన్వర్ వెళ్తున్న యునైటెడ్ విమానం ఒకటి దారి మళ్లించుకుని షికాగోలో దిగింది. ఇంజను బాగానే ఉంది, వాతావరణమూ బాగానే ఉంది. లోపల ఒకాయన ల్యాప్‌టాప్ తెరిచి పనిచేసుకుంటూ, ముందు సీటు తన మీదికి వాలకుండా 'నీ డిఫెండర్' (అంటే మోకాళ్ల కాపలాదారు) అనే రెండు చిన్న ప్లాస్టిక్ బిళ్లల్ని ట్రే చేతులకి తగిలించాడు. ముందు సీట్లో ఆవిడ బటన్ నొక్కింది, సీటు కదల్లేదు. సిబ్బంది వచ్చి బిళ్లలు తీసెయ్యమన్నారు, ఆయన తియ్యనన్నాడు. ఆవిడ గ్లాసుడు నీళ్లు ఆయన మీద కుమ్మరించింది. ఇద్దర్నీ షికాగోలో దించేసి విమానం తన దారిన తాను పోయింది. తమాషా ఏమిటంటే వాళ్లు కూర్చున్నది ఇరుకు సీట్లలో కాదు. కాళ్లు చాపుకోవడానికి కాస్త ఎక్కువ జాగా ఉండే ఎకానమీ ప్లస్‌లో.

ఈ తగువులో ఎవరి పక్షం వహించాలో తేల్చుకోలేకపోవడానికి ఒక కారణం ఉంది. విమానం ఎక్కిన ప్రతి మనిషీ ఒకే సమయంలో ఒకరికి ముందువాడు, ఇంకొకరికి వెనకవాడు. ముందు సీటు మన ముఖం మీదికి వచ్చినప్పుడు మనకి మర్యాద గుర్తొస్తుంది. మన నడుం పట్టేసినప్పుడు హక్కు గుర్తొస్తుంది. రెండూ పది నిమిషాల తేడాలో, అదే సీట్లో.

హక్కు సంగతి అర్థశాస్త్రజ్ఞులు పట్టించుకోకుండా ఎందుకుంటారు! జోష్ బారో అనే వ్యాసకర్త న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు: టికెట్‌తో పాటు వాల్చుకునే హక్కు కూడా నేను కొన్నాను, నేను వాల్చడం నీకు ఇష్టం లేకపోతే నాకు డబ్బివ్వు. దీని వెనక రోనల్డ్ కోస్ ఉన్నాడు. 1960లో ఆయన రాసిన ఒక వ్యాసం, 1991లో ఆయనకి నోబెల్ రావడానికి కారణమైన వాటిలో ఒకటి. హక్కు ఎవరిదో స్పష్టంగా ఉండి, బేరమాడుకోవడానికి ఖర్చు లేకపోతే, చివరికి ఆ వస్తువు ఎక్కువ విలువ కట్టేవాడి చేతికే చేరుతుందని అందులోంచి తీసిన సారం. ఆ మాట నిజమో కాదో తేల్చుకుందామని అమెరికాలో ఇద్దరు న్యాయశాస్త్ర ఆచార్యులు, బుకాఫుస్కో, స్ప్రిగ్‌మన్, జనాన్ని అడిగి చూశారు. సీటు వాల్చకుండా ఉండటానికి ఎంత పుచ్చుకుంటారు అంటే సగటున 41 డాలర్లు అన్నారు. వెనకవాళ్లు మాత్రం 18కి మించి ఇవ్వలేమన్నారు. సరే, హక్కు వెనకవాడిదనుకుందాం అని ప్రశ్న తిరగేశారు. ఇప్పుడు వాల్చుకోవడానికి ముందువాళ్లు ఇస్తామన్నది 12 డాలర్లు, వెనకవాళ్లు అడిగింది 39. ఎటు తిప్పినా బేరం కుదరలేదు, హక్కు ఎవరిదంటే వాళ్ల దగ్గరే ఉండిపోయింది.

మన ఊళ్లలో గట్టు తగాదా చూసినవాళ్లకి ఈ లెక్క కొత్తేం కాదు. అన్నదమ్ముల పొలాల మధ్య జానెడు గట్టు ఎవరికి రాసి ఉంటే వాళ్లకి అది బంగారం, అవతలివాడికి ఒట్టి మట్టి. ఆ జానెడు కోసం ఎకరం ఖరీదు కోర్టులో పోస్తారు. పైగా 23వ వరుసలోంచి ముందుకు వంగి, 'ఇదిగోండి ఐదొందలు, కాస్త నిటారుగా కూర్చోండి' అని కాగితం అందించే తెలుగువాణ్ణి నేనింతవరకూ చూడలేదు. చూస్తే ఆయనకి దణ్ణం పెట్టి దూరంగా కూర్చుంటాను.

ముందువాడూ వెనకవాడూ ఇద్దరూ ఒకే రెండంగుళాలు కొన్నామనుకుంటున్నారు. మరి ఇద్దరికీ అమ్మినవాడెవడు? ఒక చిన్న గుణకారం చెయ్యండి. ఎయిర్‌బస్ ఏ320లో వరుసకి ఆరు చొప్పున ముప్పై వరుసలు, 180 సీట్లు. ఒక్కో వరుస దగ్గర ఒక్క అంగుళం నొక్కితే ముప్పై అంగుళాలు మిగులుతాయి. అంటే ఇంకో వరుస, ఇంకో ఆరు టికెట్లు. అదే విమానం ఇప్పుడు 186 సీట్లతోనూ తిరుగుతోంది. ఒక సీటు నుంచి దాని వెనక సీటు దాకా ఉండే దూరం కొన్ని దశాబ్దాల కిందట 34, 35 అంగుళాలు ఉండేది. ఇప్పుడు చవక విమానాల్లో 28, 29 దాకా దిగింది. మనుషులు మాత్రం అప్పటికంటే సన్నబడలేదు. సీటుకి కనీస కొలత ఇంత అని నిర్ణయించమని 2018లో అమెరికా పార్లమెంటు అక్కడి విమానయాన శాఖకి చట్టం చేసి మరీ చెప్పింది, ఏడాది గడువు కూడా పెట్టింది. 2022లో ఆ శాఖ జనాభిప్రాయం అడుగుతూ ఉంది.

సీటు ఎలా వాలుతుందో దగ్గర్నుంచి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. మోకాళ్ల తగువని పేరు పడింది గానీ, బటన్ నొక్కితే సీటు నడుం దగ్గరి ఇరుసు మీద తిరుగుతుంది. కింది భాగం పెద్దగా కదలదు, పై భాగం బాగా వస్తుంది. పొడుగువాళ్ల సంగతి వేరు. మామూలు ఎత్తువాళ్లకి పోయేది మోకాళ్ల జాగా కంటే ముఖం ముందున్న గాలి. తెర ముక్కు దగ్గరికి వస్తుంది. తెరిచిన ల్యాప్‌టాప్ మూత సీటు అంచు కింద ఇరుక్కుని పగిలే ప్రమాదం ఉంది. కింద పడిన చెప్పు తీసుకోవాలంటే వంగడానికి తల పట్టదు.

దోహా నుంచి డాలస్ వెళ్లే విమానం దాదాపు 16 గంటలు ఎగురుతుంది. ఒకసారి అందులో నా సీటుకి దారి అవతల గుంటూరు వైపు పెద్దావిడ కూర్చుంది. కూతురి పురిటికి ఒంటరిగా వెళ్తోంది. ముందు సీటు కుర్రాడు విమానం పైకి లేచి సర్దుకోగానే, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, సీటు పూర్తిగా వాల్చేశాడు. ఆవిడది బైఫోకల్ కళ్లజోడు. తెర అంత దగ్గరికి వచ్చేసరికి కింది అద్దంలోంచి చూడాలంటే గడ్డం పైకెత్తాలి. కాసేపు ఎత్తింది, మెడ నొప్పెట్టి దించింది, తర్వాత తెర చూడటమే మానేసింది. భోజనం వచ్చినప్పుడు ట్రే మీద పెరుగు డబ్బా మూత తీయబోతే మోచేతులకి చోటు చాల్లేదు. ఆ కుర్రాడు కూడా అప్పుడే తింటున్నాడు, అలా పడుకునే.

నేను సిబ్బందిని పిలిచి చెప్తే వాళ్లు అతని సీటు నిటారుగా పెట్టించారు. భోజనమయ్యాక మళ్లీ వాలింది.

"పిన్నిగారూ, మీరు కూడా వాల్చుకోండి," అన్నాను.

"ఇది వాలుద్దా అమ్మా? ముందోళ్ల సీట్లే వాల్తయ్యనుకున్నా. ఎక్కువ డబ్బు కట్టారేమోలే అనుకున్నా."

ఆర్మ్‌రెస్ట్ పక్కన బటన్ ఎక్కడుందో చూపించాను. ఆవిడ వేలు దాని మీద పెట్టి, నొక్కకుండా ముందు వెనక్కి తిరిగి చూసింది. వెనక సీట్లో ఒళ్లో పసిబిడ్డతో ఓ అమ్మాయి ఉంది. ఆవిడ వేలు తీసేసింది. "వద్దులే అమ్మా, బిడ్డ తల కొట్టుకుంటే?" అంది. ఆ తర్వాత డాలస్ దాకా నిటారుగానే కూర్చుంది.

ఈ కథ విన్నవాళ్లు ఆవిడ మంచితనాన్ని మెచ్చుకుంటారు. నాకైతే కోపం వచ్చింది, ఆవిడ మీద కాదు. ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో చూడండి. 20వ వరుసవాడు వాల్చగానే 21వ వరుసవాడికి ఊపిరాడదు, అతనూ వాల్చాలి. దాంతో 22, ఆపైన 23. ఎవరి ఇబ్బందిని వాళ్లు వెనక్కి తోసేస్తుంటారు. చివరి వరుసకి వచ్చేసరికి వెనక గోడ, గోడకవతల మరుగుదొడ్డి. ఆ సీట్లు చాలా విమానాల్లో వాలనే వాలవు. సీటు ఎంచుకోవడానికి డబ్బు కట్టనివాళ్లు తరచు అక్కడే తేలతారు. లేదా దారిలో ఎక్కడో పిన్నిగారి లాంటి మెత్తని మనిషి తగిలి, వెనక్కి తోసే బదులు ఆ బరువంతా తనే మోస్తుంది. మెత్తనివాళ్లని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. అంగుళాలు మిగుల్చుకున్నవాళ్ల లెక్కలో ఈ మెత్తని మనుషులు కూడా ఉన్నారని నా అనుమానం. వాళ్లే లేకపోతే రోజుకో విమానం షికాగోలో దిగేది.

చివరి వరుస గొడవ 2020లో ప్రపంచమంతా చూసింది. న్యూ ఆర్లీన్స్ నుంచి షార్లట్ వెళ్లే అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానంలో ఒకావిడ సీటు వాల్చింది. వెనకాయన ఆ సీటుని పిడికిలితో అదే పనిగా గుద్దుతూ కూర్చున్నాడు. ఆవిడ వీడియో తీసింది. లోకం రెండుగా చీలింది. ఆయన కూర్చున్నది చివరి వరుసలో, వాల్చడానికి వీల్లేని సీట్లో. గుద్దడం తప్పే. కానీ ఆ కోపం ఎన్ని వరుసలు దాటుకుంటూ వచ్చి ఆయన పిడికిట్లో పోగుపడిందో వీడియోలో కనపడదు. అప్పుడు డెల్టా సంస్థ అధిపతి ఎడ్ బాస్టియన్ టీవీలో, వాల్చేముందు వెనకవాళ్లని అడగడం పద్ధతి అన్నాడు. బాగానే ఉంది. అంతకు ముందు ఏడాదే ఆయన సంస్థ కొన్ని ఏ320 విమానాల్లో వాలుని నాలుగంగుళాల నుంచి రెండుకి తగ్గించింది. ఆ పని చేసేముందు ఎవరిని అడిగారో మరి.

కొన్ని విమాన సంస్థలు బటనే పీకేశాయి. ఐర్లండ్‌కి చెందిన ర్యాన్‌ఎయిర్ సీట్లు అసలు వాలవు. హాంకాంగ్‌కి చెందిన కాథే పసిఫిక్ ఇంకో ఉపాయం చేసింది. సీటు వెనక గట్టి పెంకు బిగించింది. బటన్ నొక్కితే వీపు వెనక్కి పోదు, కూర్చునే భాగం ముందుకు జారుతుంది. వెనకవాడికి ఏ బాధా లేదు, వాలినంత మేరా మన మోకాళ్ల జాగాలోంచే పోతుంది. ఇంతకంటే న్యాయమైన సీటు ఉండదు. ప్రయాణికులకి అది బొత్తిగా నచ్చలేదు, కంపెనీ తర్వాత దాన్ని మార్చేసుకుంది. నా సుఖం ఖర్చు నా మోకాళ్లే భరించాలన్నప్పుడు ఆ సుఖం మీద మోజు తగ్గిపోయింది. ఆ సీటు గురించి చదివాక నాకు ఈ హక్కుల వాదన మీద నమ్మకం పోయింది.

ఇలాంటి తగువుని మన రైళ్లు ఎప్పుడో ఎదుర్కొన్నాయి. మిడిల్ బెర్తు వేస్తే కింద కూర్చున్నవాడు మెడ వంచుకోవాలి, వెయ్యకపోతే మధ్యవాడు పడుకోలేడు. రైల్వేవాళ్లు హక్కు ఎవరిదన్న మీమాంసలో పడకుండా గడియారం చూపించారు. 2017లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం పడుకునే వేళ రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా. అంతకు ముందు రాత్రి 9 నుంచి ఉండేది. జబ్బు మనుషులు, వికలాంగులు, గర్భిణులు ఆ వేళలు దాటి పడుకున్నా మిగతావాళ్లు సహకరించాలని కూడా రాశారు. అయినా గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఆ కాగితం ఎవడు చూస్తాడు? ఖమ్మం దాటేసరికి ఎవరో ఒకరు "ఇంక బెర్తు వేసేద్దామాండీ?" అంటారు. "ఒక్క నిమిషం, ఈ పూరీ తినేస్తాను," అంటారు కిందాయన. అంతే. చట్టం మొండివాళ్ల కోసం సంచిలో ఉంటుంది, బయటికి తీసే అవసరం ఎప్పుడో గానీ రాదు. మన ఆర్టీసీ రాత్రి బస్సుల పుష్‌బ్యాక్ సీట్లు విమానం సీట్ల కంటే ఎక్కువ వాలతాయి. డ్రైవరు లైట్లు ఆర్పగానే బస్సంతా ఒక్కసారి వెనక్కి వాలుతుంది, నోరెత్తేవాళ్లు తక్కువ.

రైల్లో ఎదురెదురుగా కూర్చుంటాం. ఎవరింటికి, ఏ ఊరు, పిల్లలెంతమంది అని అప్పటికే అడిగేసి ఉంటాం. పూరీ తింటున్న మనిషి నెత్తిన బెర్తు వెయ్యడానికి చెయ్యి రాదు. విమానంలో మనకి కనిపించేది ముందువాడి నడినెత్తి, మన వెనకున్న మనిషి అసలే కనపడడు. మర్యాద అనేది ఎక్కువగా ముఖం చూసి పుట్టేది. ముఖాలు దాచిపెట్టి సీట్లు బిగించాక అది ఎక్కణ్ణుంచి వస్తుంది? పిన్నిగారు వెనక్కి తిరిగి ముఖం చూసింది, అందుకే వేలు తీసేసింది. కుర్రాడు తిరగలేదు. మనిషిగా అతను చెడ్డవాడేం కాడు. దిగేటప్పుడు ఆవిడ పెట్టె పైనుంచి తీసిచ్చింది అతనే.

అందుకని నాకు తోచిన పద్ధతి ఇది. హైదరాబాద్ నుంచి విశాఖకో తిరుపతికో వెళ్లే గంట, గంటన్నర ప్రయాణంలో సీటు వాలినా వాల్చొద్దు, ఆ కాసేపటికి ఎవరి నడుమూ విరగదు. సముద్రాలు దాటే రాత్రి విమానంలో భోజనం ట్రేలు తీసేశాక వాల్చుకోవడం అందరి అవసరం, దానికి సిగ్గుపడక్కర్లేదు. వాల్చేముందు ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. భాష రాకపోతే చెయ్యి చూపించినా చాలు. వెనక పసిబిడ్డ ఉంటే తల్లి ఒక చెయ్యి అడ్డం పెట్టుకునేంత వ్యవధి ఇచ్చి, మెల్లగా సగం వాల్చొచ్చు. పూర్తిగా మానుకోనక్కర్లేదు. మళ్లీ తిండి వచ్చినప్పుడు ఎవరూ చెప్పకముందే లేపాలి. వెనకవాళ్లకీ ఒక మాట: లేచేటప్పుడు ముందు సీటు తలభాగం పట్టుకుని ఊగకండి. ఆ సీటుతో పాటు మా జుట్టు కూడా మీ గుప్పిట్లోకి వస్తోంది.

అమ్మానాన్నల్ని అమెరికాకి పిలిపించుకునే పిల్లలు టికెట్ కొనేటప్పుడు సీటు మ్యాపు చూసి చివరి వరుసని, ఎగ్జిట్‌కి ఆనుకుని వాలకుండా ఉండే వరుసల్ని తప్పించండి. ఆ బటన్ ఎక్కడుంటుందో, దాన్ని ఎప్పుడు నొక్కొచ్చో శంషాబాద్ బయల్దేరేముందే చెప్పండి. విమానంలో వాళ్లు ఎవర్నీ అడగరు.