ఎవరోళ్ల బిడ్డవి?

త్రిపురాంతకేశ్వరుడి కోసం కుమారగిరి ఎక్కేవాళ్ల చూపు శిఖరం మీదే ఉంటుంది. శ్రీశైలానికి తూర్పు ద్వారం దాకా వచ్చి నేల చూసేదెవరు? కానీ ఈ మెట్టప్రాంతంలో గట్టి వాన పడ్డ మర్నాడు ఎండుపుల్ల మీదా, పేడకడి మీదా, పుట్ట పక్క ఎర్రమట్టిలోనూ గోరంత గొడుగులు లేస్తాయి. ఎండెక్కేసరికి చాలావరకు వాలిపోతాయి.

పెద్ద పుట్టగొడుగునైతే నిలబడి చూడొచ్చు. వీటికోసం గొంతుకూర్చోవాలి, ఒక్కోసారి బోర్లా పడుకోవాలి. పదిరెట్లు చూపే భూతద్దం కంటికి ఆనించుకుంటే గొడుగు కింది రేకులు కాడకు అంటుకున్నాయో, దూరంగానే ఆగాయో తెలుస్తుంది. కాడ ముట్టుకుంటే పుటుక్కున విరుగుతుందా, వంగి సాగుతుందా అన్నదీ చూడాలి.

పీక్కుని ఇంటికి తెచ్చేస్తే సగం గుర్తు అక్కడే పోతుంది. పల్లెలో కొత్త పిల్లాడు కనిపిస్తే మనం ముందు పేరడగం, "ఎవరోళ్ల బిడ్డవిరా?" అంటాం. గొడుగునూ అలాగే అడగాలి. కట్టెదా, పేడదా, పుట్టదా?

పుట్టదైతే దాని వెనక పెద్ద సంసారమే ఉంది. చెదలు ఆకూ పుల్లా తిని, విసర్జించిన దానితో పుట్టలోపల మెత్తటి గడ్డలు కడతాయి. వాటిమీద బూజు పెంచి, అది అరిగించి పెట్టినదాన్ని తింటాయి. ఆ బూజు బయటికొచ్చి విప్పుకుంటేనే మనకు పుట్టగొడుగు. దీనికి 1942లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజర్ హైమ్ టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టారు. ఈ కుటుంబంలోనిదే ఒకటి జాంబియాలో మీటరు వెడల్పు దాకా పెరుగుతుంది. మన దేశంలో గుంపులు గుంపులుగా లేచే మైక్రోకార్పస్ గొడుగు రెండు సెంటీమీటర్ల చుట్టుపక్కలే ఆగిపోతుంది. పెద్దవి లోపలి గడ్డ నుంచి వేరులాంటి పొడుగాటి కాడతో మట్టిని చీల్చుకుని వస్తాయి. ఈ చిన్నదానికి ఆ వేరు లేదు. చెదలే గడ్డ ముక్కల్ని మోసుకొచ్చి నేలమీద పరిస్తే, వాటిమీద మొలుస్తుంది. ఎవరో మోస్తేనే వెలుగు చూసే బతుకు ఇది. దీన్ని విడిగా, ఒంటరిగా తెలుసుకోవడం కుదరని పని.

ఇక రేకుల నుంచి పొడిలా రాలే బీజాల రంగు. 1821లో స్వీడన్‌కు చెందిన ఎలియాస్ ఫ్రీస్ పుట్టగొడుగుల్ని వర్గీకరించినప్పుడు ఈ రంగునే పెద్ద ఆధారంగా తీసుకున్నారు. మార్కాపురం పలకముక్క పక్కన తెల్లకాగితం ఆనించి, కాడ తీసేసిన గొడుగును రెండింటి మీదా సగం సగం పడేట్టు, రేకులు కిందికుండేలా పెడతాను. పైన గిన్నె మూసి రాత్రంతా వదిలేస్తాను. తెల్లబీజాలైతే పొద్దున పలక మీద రేకుల గీతలతో సహా కనిపిస్తాయి, నల్లవైతే కాగితం మీద. పుట్ట మీద లేచే గొడుగువి లేత గులాబీ. గోరంత గొడుగు రాల్చేది కొంచెమే, తడి ఆరిపోతే అదీ రాలదు. మనం చేయగలిగిందల్లా గిన్నె ఎత్తి చూడకుండా ఉండటమే. అడగాల్సింది అడిగేసి, జవాబు తనంతట తాను వచ్చేదాకా నిశ్చింతగా నిద్రపోవడం నాకు ఈ పనిలోనే అలవడింది.

ఇదంతా వండుకోవడానికి కాదు. ఈ గుర్తుల్ని నమ్ముకుని ఏదీ నోట పెట్టకూడదు. తినకుండా, అమ్మకుండా ఒకదాన్ని ఊరికే తెలుసుకోవాలనుకోవడం కూడా మంచి బతుకులో భాగమేనని నా నమ్మకం.

ఎండుపుల్లల మీది తెల్లబీజాల సన్నగొడుగుల్లో చాలావాటిని సూక్ష్మదర్శిని లేకుండా తేల్చలేం. అప్పుడు పుస్తకంలో "వేపపుల్ల, తెల్లబీజాలు, నల్ల కాడ" అని రాసి, పేరు దగ్గర ఖాళీ వదిలేస్తాను. తర్వాతి వానకు మళ్లీ అదే పుల్ల దగ్గరికి పోయి, ఈసారి కాడ మొదలు చూస్తాను.