సీత అనే పేరు: ఆశీర్వచనమా, ఆదేశమా?

వ్యాససంగ్రహం: ఆడబిడ్డకు సీత అని పేరు పెట్టడం ఉచితమా అన్న ప్రశ్నకు తెలుగు సమాజంలో మూడు రకాల సమాధానాలు వినవస్తాయి. పేరు మంగళకరమని ఒకటి, కష్టాలను మోసుకొచ్చేదని మరొకటి, పేరుకు అర్థమే లేదని ఇంకొకటి. ఈ మూడింటినీ పరిశీలించి, నైతిక బాధ్యత పేరులో గాక పేరు వెనుక ఉన్న కథను చెప్పే తీరులో ఉందని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: సంజ్ఞావాచకం, యదృచ్ఛాశబ్దం, నామకరణం, సీత, స్త్రీల పాటలు.

1. ఉపోద్ఘాతం

అంగీకారం తెలుపగల వయస్సు రాకముందే మనిషికి పేరు వస్తుంది. పేరు లేకుండా బిడ్డను పెంచడం సాధ్యం కాదు కనుక, అడగకుండా పెట్టారన్న కారణంతో నామకరణాన్ని తప్పుపట్టలేము. అయితే కొన్ని పేర్లు ఒక జీవితకథను వెంటబెట్టుకొని వస్తాయి. సీత అటువంటి పేరు. సీతమ్మ, సీతామహాలక్ష్మి, సీతారత్నం వంటి రూపాలలో అది తెలుగునాట తరతరాలుగా నిలిచి ఉంది. ఆ పేరు పెట్టడానికి జంకేవారూ లేకపోలేదు. సీత పడ్డ కష్టాలు బిడ్డకు ఎందుకన్నది వారి భయం. ఈ భయం వట్టి మూఢనమ్మకమా, లేక అందులో ఆలోచించదగిన నైతికాంశం ఏదైనా ఉందా అన్నది ఇక్కడి విచారణ.

2. పేరుకు అర్థం ఉందా?

పతంజలి మహాభాష్యంలో శబ్దప్రవృత్తిని జాతి, గుణ, క్రియా, యదృచ్ఛలుగా నాలుగు విధాలుగా విభజించాడు. పెట్టేవారి ఇచ్ఛను బట్టి ఏర్పడే వ్యక్తి నామం యదృచ్ఛాశబ్దం. ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1843లో ప్రచురించిన తర్కశాస్త్ర గ్రంథంలో ఇంచుమించు ఇదే అభిప్రాయానికి వచ్చాడు. వ్యక్తి నామం వ్యక్తిని సూచిస్తుందే తప్ప వారి గుణాలను చెప్పదు. ఈ దృష్టితో చూస్తే సీత అన్న పేరుగల స్త్రీకి సహనం ఉండవలసిన అగత్యం లేదు, కష్టం రావలసిన కారణమూ లేదు.

ధర్మశాస్త్రం మరొక మాట చెబుతుంది. మనుస్మృతి ద్వితీయాధ్యాయం ప్రకారం స్త్రీ పేరు సులభంగా పలికేదిగా, మృదువుగా, మంగళకరంగా, ఆశీర్వచనాన్ని తలపించేదిగా, దీర్ఘాంతంగా ఉండాలి. తృతీయాధ్యాయం నక్షత్రాల, వృక్షాల, నదుల పేర్లుగల కన్యను వివాహమాడరాదంటుంది. తెలుగు కుటుంబాలు ఈ నియమాలను పాటించిన దాఖలా కనిపించదు. రోహిణి, తులసి, గోదావరి, కృష్ణవేణి ఆడపిల్లలకు ప్రీతితో పెట్టుకున్న పేర్లు. ఇక దీర్ఘాంత నియమాన్ని తెలుగు వ్యాకరణమే సాగనివ్వలేదు. ఆకారాంత స్త్రీలింగ శబ్దం తత్సమమైనప్పుడు హ్రస్వమవుతుంది కనుక సంస్కృతంలోని ‘సీతా’ తెలుగులో ‘సీత’ అయింది. శాస్త్రం ఆదేశించిన పేరు కంటే నోటికి, మనసుకు నచ్చిన పేరే నిలిచిందన్నమాట.

అయినా యదృచ్ఛావాదంతో సమస్య తీరదు. తార్కికంగా పేరుకు అర్థం లేకపోవచ్చు. వినేవారు మాత్రం అర్థం లేకుండా వినరు. కైకేయి అన్న పేరు కూడా తర్కం దృష్టిలో సీత వంటి సంకేతమే. అయినా ఆ పేరు పెట్టుకునేవారు అరుదు.

3. ఒకే పదం, రెండు వినికిళ్లు

సీత శబ్దం స్త్రీల పేర్లకే పరిమితం కాలేదు. సీతారామయ్య, సీతాపతి, సీతారామశాస్త్రి వంటి పురుష నామాలు తెలుగువారికి సుపరిచితం. అల్లూరి సీతారామరాజు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, గిడుగు వెంకట సీతాపతి పేర్లలో మొదట వినిపించేదో, నడుమ వినిపించేదో ఈ శబ్దమే. పురుషుని పేరులో ఉన్న సీత అతనికి అగ్నిప్రవేశాన్ని గుర్తుచేయదు. సీతారామయ్యకు కష్టాలు వస్తాయని ఎవరూ జంకరు, సీత వలె సహించమని అతనికి ఎవరూ హితవు చెప్పరు. అక్కడ ఆ శబ్దం దైవస్మరణ మాత్రమే.

అదే శబ్దం స్త్రీకి పేరైనప్పుడు ప్రవర్తనా నియమంగా మారుతుంది. ఇంట్లో గొడవ వచ్చినప్పుడు ‘పేరుకు తగ్గట్టు ఉండు’ అన్న మాట సీత అనే కోడలికి తగిలినట్లు సీతాపతి అనే కొడుక్కి తగలదు. భారం శబ్దంలోనే ఉంటే ఇద్దరిమీదా సమానంగా పడవలసింది. ఒకరి మీదనే పడుతున్నదంటే అది శబ్దానికి వెలుపల, స్త్రీ నుండి సమాజం ఆశించే నడవడిలో ఉందని గ్రహించాలి.

4. కుదించిన కథ

సీత అనగానే సహనం స్ఫురించడం సహజమని అనుకోవడం అలవాటు. మూలాన్ని చూస్తే ఆ స్ఫురణ ఒక ఎంపిక అని తేలుతుంది. సీత అంటే నాగటి చాలు. ఋగ్వేదం నాలుగవ మండలంలోని 57వ సూక్తం సీతను పంటనిచ్చే దేవతగా ప్రార్థిస్తుంది. ఈ పదపు తొలి అర్థంలో కష్టం లేదు, పంట ఉంది.

వాల్మీకి సీత మౌనమూర్తి కాదు. అయోధ్యకాండలో తనను వెంట తీసుకువెళ్లనన్న రాముణ్ణి పురుషరూపంలోని స్త్రీ అని ఆక్షేపిస్తుంది. అరణ్యకాండలో వైరం లేని రాక్షసులను చంపబూనడం ధర్మమేనా అని హెచ్చరిస్తుంది. యుద్ధకాండలో తనను శంకించిన భర్త సామాన్యుని వలె మాట్లాడుతున్నాడని ఎదుటనే చెబుతుంది. ఉత్తరకాండలో సభ నడుమ తన నిష్ఠను ప్రకటిస్తూనే అయోధ్యకు తిరిగి వెళ్లక భూమిలోకి వెళ్లిపోతుంది. ఈ సీతను పక్కనబెట్టి ఓర్చుకున్న సీతనే ఆదర్శమనడం కథను కుదించడం.

తెలుగు స్త్రీల పాటలు ఈ కుదింపును అంగీకరించలేదు. ఇంటిపనితో ఆలస్యమైన సీతను లోపలికి రానివ్వక రాముడు గడియ వేసుకుంటే, కౌసల్య కొడుకునే మందలించే పాట ఉంది. శూర్పణఖ పన్నాగం వల్ల సీత రావణుని బొమ్మ గీయవలసివచ్చిన కథలో, రాముడు ఆగ్రహిస్తే అంతఃపుర స్త్రీలు సీత పక్షాన నిలుస్తారు. ఈ పాటలను విశ్లేషించిన వెల్చేరు నారాయణరావు వీటిని స్త్రీలు తమకై చెప్పుకున్న రామాయణంగా గుర్తించారు. ఈ పాటలు పాడిన ఇళ్లలో సీత అన్న పేరు విన్నప్పుడు ఓర్పు ఒక్కటే కాక, పక్కన నిలిచే బంధువర్గం కూడా స్ఫురించి ఉంటుంది.

ఒకే ఘట్టం ప్రాంతాన్ని బట్టి వేరుగా వినిపించడానికి మరొక నిదర్శనం సీతారాముల పెండ్లి. మిథిలా ప్రాంతంలో మార్గశిర శుద్ధ పంచమిని ఆ పెండ్లి రోజుగా కొలుస్తూనే, తమ ఆడపడుచు కష్టాలను తలచుకొని ఆనాడు కూతుళ్ల పెళ్లిళ్లు చేయరు. తెలుగువారు చైత్ర శుద్ధ నవమినాడు భద్రాచల కల్యాణాన్ని కనులారా చూసి, ఆ తలంబ్రాలను శుభమని ఇంటికి తెచ్చుకుంటారు. పుట్టింటివారికి బిడ్డ దుఃఖం గుర్తున్నది, కొలిచేవారికి తల్లి అనుగ్రహం గుర్తున్నది.

5. ప్రాచుర్యం చేసే మేలు

పేరు పలువురికి చెందినకొద్దీ దానిపై ఇతిహాసానికి ఉన్న పట్టు సడలుతుంది. ఒక ఊరిలో నలుగురు సీతమ్మలు ఉంటే వారిని ఇంటిపేరుతోనో, ఒడ్డూపొడుగుతోనో, చేసే పనితోనో గుర్తుపడతారు. అప్పుడు పేరు రామాయణాన్ని వదిలి ఆ మనిషిని చూపుతుంది. ‘సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి’ అన్న సామెత మహాపతివ్రతను గట్టు మీది పీత సరసన నిలబెట్టి నవ్విస్తుంది. ఎవరి కష్టం వారిదేనని చెప్పడంలో సీత కష్టాన్ని కొలమానం స్థానం నుండి దించుతుంది. సీతాఫలం, సీతాకోకచిలుక అన్న మాటలను వాడేటప్పుడు వనవాసాన్ని తలచేవారు అరుదు.

ఇతర విషయాలలో అసమానత ఎంత ఉన్నా భద్రాచలంలోని దేవతను, పొలంలో నాట్లు వేసే స్త్రీని ‘సీతమ్మ’ అన్న ఒకే రూపంతో పిలిచే వీలు తెలుగులో ఉంది. అయితే గ్రామీణ ఆధిపత్య వ్యవస్థలో శ్రామిక స్త్రీల పేర్ల నుండి ‘అమ్మ’ను తొలగించి, ఎల్లమ్మను ఎల్లి అన్నట్లు, కురచచేసి పిలిచిన చరిత్రనూ మరువరాదు. పేరు పెట్టడంతో పాటు పిలవడమూ నైతిక విషయమేనని అది తెలుపుతుంది.

6. ఒక ఆక్షేపణ

పేరు వెనుక ఉన్న ఆదర్శమే అన్యాయమైనప్పుడు ఆ పేరును విడిచిపెట్టడమే మేలు కదా అన్న వాదాన్ని తేలికగా తీసివేయరాదు. రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ ఆ కావ్యపు విలువలనే మూలమట్టంగా తిరస్కరించింది. వోల్గా ‘విముక్త’ కథలు వేరొక మార్గం పట్టాయి. సీత అహల్యను, శూర్పణఖను, రేణుకను, ఊర్మిళను కలుసుకొని తనను తాను తెలుసుకునే క్రమాన్ని చిత్రించిన ఈ సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఇందులో పేరు నిలిచింది, అర్థం విస్తరించింది.

విడిచిపెట్టడానికి ఒక పరిమితి ఉంది. సీత పేరు మానుకున్న ఇంట్లో కూడా వేరే పేరుగల కోడలిని సీతతో పోల్చి కొలవవచ్చు. రాజపత్రంలో ప్రకటించి పేరు మార్చుకోవచ్చు గాని ఎదుటివారి కొలబద్దను ఆ ప్రకటన మార్చలేదు. నిలుపుకోవడానికీ పరిమితి ఉంది. తల్లిదండ్రులు ఎంత విశాలంగా భావించి పేరు పెట్టినా, వారి ఉద్దేశాన్ని అత్తవారింటిచేత, వీధిచేత అంగీకరింపజేయలేరు. ఈ రెండవ పరిమితి వల్ల కలిగే భారాన్ని మోసేది పేరు పెట్టినవారు కాదు, పెట్టించుకున్న బిడ్డ. అందువల్ల పేరు పెట్టేవారిపై ఒక బాధ్యత మిగులుతుంది.

7. ముగింపు

సీత అన్న పేరు స్వతహాగా ఆశీర్వచనమూ కాదు, ఆదేశమూ కాదు. నాగటి చాలు మొదలు సభలో పలికిన చివరి మాట దాకా కథను పూర్తిగా చెప్పి ఇచ్చినప్పుడు అది బిడ్డకు ఆస్తి అవుతుంది. ఓర్పును మాత్రమే ఏరి చెప్పినప్పుడు ఆదేశమవుతుంది. పేరు పెట్టే హక్కు పెద్దలది. ఆ పేరుగల కథను తమ సౌకర్యం కోసం కుదించే హక్కు వారికి లేదు. పేరుకు తగ్గట్టు ఉండమని చెప్పేవారిని, ఏ సీతకు తగ్గట్టు అని ఆ బిడ్డ తిరిగి అడగగలిగేలా పెంచడం పేరు పెట్టినవారి ధర్మం.