జమాత్, జమానత్

నలభై దాటిన ఆడదానికి తలాఖ్ అయితే ఆమె ఎవరి బాధ్యత? పుట్టింటిదా, బిరాదరీదా, సర్కారుదా? మనవాళ్ల దగ్గర ఈ ప్రశ్న వేస్తే మాట ఆమెను వదిలి షరియత్ మీదికి పోతుంది. బయటివాళ్ల దగ్గర వేస్తే బురఖా మీదికి పోతుంది. ఈ రెండు వాదనల నడుమ ఆమె కిరాయి ఇల్లు వెతుక్కుంటూ తిరుగుతుంటుంది.

షాబానో పేరు అందరికీ తెలుసు. లెక్క మాత్రం ఎవరికీ గుర్తులేదు. 1978లో తలాఖ్ అయ్యేనాటికి ఆమెకు 62 ఏళ్లు. కింది కోర్టు ఇమ్మన్నది నెలకు 25 రూపాయలు. హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలు చేసింది. ఆ పైసల మీద దేశమంతా తగువులాడుకుంది. 1985లో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెడితే 1986లో పార్లమెంటు వేరే చట్టం తెచ్చింది. ఇద్దత్ దాటితే బాధ్యత తీరిందని మొగవాళ్లు ఆ చట్టాన్ని చదువుకున్నారు. కాదు, ఇద్దత్ లోపలే ఆమె ముందు బతుక్కి సరిపడా ఏర్పాటు చేయాలని 2001లో కోర్టు చెప్పాల్సి వచ్చింది. 2024 జులైలో, మన తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే, 125వ సెక్షన్ కింద మనోవర్తి అడిగే హక్కు ఆమెకుందని మళ్లీ చెప్పింది. సరే, కేసు తేలేదాకా ఎక్కడుండాలి?

ఇరవై ఏళ్ల పిల్లకైతే అమ్మీ అబ్బా ఉంటారు, మైకా ఉంటుంది. నలభై మూడేళ్లకు నాకు మిగిలింది మైకా కాదు, భాయిల ఇల్లు. భాబీలు మంచివాళ్లే. మంచితనానికీ ఒక గది కావాలి కదా! ఖమ్మంలో ఇల్లు చూడబోతే రెండు ప్రశ్నలు: తురకోళ్లా? ఒక్కదానివేనా? మన మొహల్లాలో మొదటి ప్రశ్న లేదు. రెండోది రెండింతలు.

ఉర్దూ పత్రికకూ తెలుగు పత్రికకూ వార్తలు రాస్తూ పాల్వంచ దాటి భద్రాచలం అడివంచున తునికాకు కల్లాల చుట్టూ తిరిగే రోజుల్లో నాకు కొత్త దోస్తులు దొరికారు. ఒకామె కోయ అంగన్‌వాడీ టీచరు. ఇంకొకామె సింగరేణి కార్మికుడి భార్య. ఆయన పోయాక కొత్తగూడెంలో కుట్టుమిషన్ మీద బతుకుతోంది. టీచరు నా కథ విని జాలిపడలేదు. "మా కాడ పెద్దమనుషులు కూసుంటరు, తప్పు కట్టిస్తరు, ఎవరి బతుకు వాళ్లు బతుకుతరు. నువ్వెందుకు తలొంచుకుంటున్నవ్?" అంది. గూడేల్లో ఆడవాళ్ల బతుకు సుఖమని నేననను, ఆకు కట్టలు కట్టే ఆ చేతులు చూసినదాన్ని. కానీ మొగుడు లేని ఆడది సగం మనిషి అన్న లెక్క ఆమె నోట రాలేదు.

కొత్తగూడెంలో నా కిరాయి కాగితం మీద జమానత్ సంతకం పెట్టింది కుట్టుమిషన్ ఆమె. పొదుపు సంఘంలోకి తీసుకుపోయిందీ ఆమే. సంఘం అప్పు సంగతి తెలుసు కదా, ఒకామె కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. నన్ను తెచ్చి అక్కడ కూర్చోబెట్టడమంటే నా వెనక తమ రూపాయల్ని నిలబెట్టడమే. ఖైరాత్ ఇచ్చిన మనిషి ఇచ్చి వెళ్లిపోతాడు. జమానత్ ఇచ్చిన మనిషి నేను మునిగితే తనూ మునుగుతుంది. మన జమాత్ నాకు ఖైరాత్ ఇచ్చింది, రంజాన్‌లో బియ్యం పంపింది. జమానత్ ఇవ్వలేదు.

ఇది చదివి, ముస్లిం ఆడదాన్ని ముస్లింల నుంచి కాపాడారని సంబరపడేవాళ్లుంటారు. వాళ్లకు నా దోస్తులు తెలీదు. నమాజు వేళకు మిషన్ ఆపి నాకు చాప పరిచే మనుషులు వాళ్లు. నా ఖౌమ్‌ను తిట్టమని ఎన్నడూ అడగలేదు. ఎవరో ఆదుకున్నారు గనక ఇక మన పని అయిపోయిందని ఊపిరి పీల్చుకునే మనవాళ్లూ ఉన్నారు. ఒకరు మోస్తున్నారని ఇంకొకరి బాకీ మాఫ్ కాదు. దోస్తీ వాళ్ల మంచితనం. మెహర్, మనోవర్తి, తలదాచుకునే చోటు నా హక్కు.

కిందటి రంజాన్‌లో బియ్యం తెచ్చిన మొహల్లా కమిటీ పెద్దలను అడిగాను. ఈ వీధిలోనే తలాఖ్ అయిన ఇంకొకామె ఉంది, ఆమె కిరాయి కాగితం మీద కమిటీ తరఫున ఒక సంతకం పెట్టండి అని. మాట్లాడుకుని చెబుతామన్నారు. బక్రీద్ కూడా వెళ్లిపోయింది. ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.